మిల్‌పోర్ట్ రాళ్ల మీద వగరు

గ్లాస్గో సెంట్రల్ నుంచి లార్గ్స్‌కి రైల్లో గంట. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే ఫెర్రీ రేవు. ఎక్కి, పిల్లని రెయిలింగ్ దగ్గర్నుంచి రెండుసార్లు వెనక్కి లాగేలోపే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. గ్రేట్ కంబ్రే దీవి అంత దగ్గర. ఫెర్రీ దిగగానే బస్సెక్కితే దీవిలో ఉన్న ఒకే ఒక్క ఊరు, మిల్‌పోర్ట్‌కి చేరుస్తుంది. దీవి చుట్టూ రోడ్డు పది మైళ్లు, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు కాబట్టి వేసవిలో అందరూ సైకిళ్ల మీదే. మొసలి మొహంలా రంగులేసిన రాయి ఒకటుంది, దాని మీద కూర్చుని ఫొటో దిగని పిల్లలుండరు. మా పాప కూడా దిగింది. ఐస్‌క్రీమూ అయింది. ఇంతవరకూ మీకు ఏ టూరిస్టు పేజీలోనైనా దొరుకుతుంది.

నేను చెప్పాలనుకున్నది ఆ రంగురాయికి ఇంకాస్త కింద, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే గోధుమరంగు నాచు గురించి. తడిసిన తోలు బెల్టుల్లా, ముడులు పడిన తాళ్లలా రాళ్లంతా కప్పేసి ఉంటుంది. కాలు పెడితే జారుతుంది, ఎండెక్కితే వాసనేస్తుంది. ఒడ్డుకొచ్చిన వాళ్లు చాలామంది ముక్కు చిట్లించి దాటిపోతారు. అదే వస్తువు పొడై, క్యాప్సూలై, "యాంటీఆక్సిడెంట్ రిచ్" అని లేబుల్ అంటించుకుని షాపుకొస్తే డబ్బులిచ్చి కొంటాం. ఈ రెండింటి మధ్యా ఏం జరుగుతుందో చూడాలని నాకు చాన్నాళ్లుగా ఉంది. డిగ్రీ మొదటి సంవత్సరం బోటనీలో గోధుమరంగు శైవలాలంటే ఎక్టోకార్పస్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, రికార్డులో సంతకం పెట్టించుకోవడమే. అది పెరిగే చోట నిలబడి చూసింది లేదు.

జూన్ చివర్లో ఇక్కడ స్కూళ్లు మూసేస్తారు. అప్పుడే అత్తయ్య కూడా వైజాగ్ నుంచి వచ్చి ఉన్నారు. మా వారికి రెండు రోజులు సెలవు దొరికింది. నేను మాత్రం ముందు పంచాంగం చూశాను. "శుభకార్యమా ఏమన్నా?" అని మా వారి వెటకారం. పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి సముద్రం ఎంత పొంగుతుందో అంత వెనక్కీ పోతుంది. నాచు చూడాలంటే ఆ రోజులే కావాలి. మిల్‌పోర్ట్‌లో చిన్న ఫ్లాట్ రెండు రాత్రులకి తీసుకున్నాం. క్లైడ్ సముద్రంలో ఒక చిత్రం ఉంది. ఈ పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటు మధ్యాహ్నం వేళకొస్తుంది, పెద్ద ఆటు పొద్దున్నే, సాయంత్రమూ వస్తుంది. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది కాబట్టి సాయంత్రం అన్నం వండేసి, ఆరింటికి గమ్‌బూట్లు వేసుకుని బయల్దేరాం. అత్తయ్య ప్రామెనేడ్ మీద బెంచీ ఎంచుకుని, శాలువా కప్పుకుని, "మీరెళ్లండి, ఇక్కణ్నుంచే కనిపిస్తారుగా" అన్నారు.

మన వైజాగ్‌లో ఆటుకీ పోటుకీ తేడా బాగా ఉన్నరోజు కూడా మీటరున్నరలోపే. ఇక్కడ మూడు మీటర్ల దాకా ఉంటుంది. అందుకే ఒడ్డు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. వైజాగ్ రాళ్ల మీద కూడా మెట్లున్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ నుంచి ఉమామహేశ్వరరావు, శ్రీరాములు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1964లోనే విశాఖ తీరం నాచుల మీద ఒక వ్యాసం ఇక్కడి బ్రిటిష్ పత్రికలో అచ్చువేశారు. కానీ అక్కడ సార్గాసమ్, పాడినా లాంటివి ఇరుకు పట్టీల్లో ఉంటాయి. ఇక్కడ ఒక్కో మెట్టూ ఒక్కో వీధంత వెడల్పు.

పై మెట్టున ఉండేది చానెల్డ్ ర్యాక్. వేలెడంత పొట్టి మొక్క, ఆకు అంచులు లోపలికి మడుచుకుని చిన్న కాలవలా ఉంటుంది, ఆ కాలవలో కాస్త నీరు దాచుకుంటుంది. పోటు చివరి అలలు తప్ప దానికి సముద్రం అందదు. ఒక్కోసారి రోజుల తరబడి ఎండుతుంది. తనలో ఉన్న నీటిలో సగానికి పైగా పోయి, నల్లగా, పెళుసుగా, వడియంలా అయిపోయి కూడా నీళ్లు తగలగానే లేచి కూర్చుంటుంది. దాని కింద స్పైరల్ ర్యాక్. ఆ కింద బ్లాడర్ ర్యాక్, ఎగ్ ర్యాక్. ఇవి మధ్య మెట్టువాళ్లు, గాలిబుడగలున్నవాళ్లు. ఇంకా కిందికి రంపపు పళ్ల అంచున్న సెరేటెడ్ ర్యాక్. అట్టడుగున, పౌర్ణమి ఆటుకి మాత్రమే తల బయటపెట్టే కెల్ప్, అరచేయి వేళ్లు విప్పినట్టు గోధుమరంగు పట్టీలు.

మా పాప ఎగ్ ర్యాక్ దగ్గరే ఆగిపోయింది. దానికి ఏడాదికొక గాలిబుడగ వస్తుంది. మొదటి కొన్నేళ్లు రావు, ఆ తర్వాత వరసగా ఏటా ఒకటి. బుడగలు లెక్కపెట్టి వయసు చెప్పొచ్చు. "అమ్మా, ఇది పదకొండు! నాకంటే అక్క!" అని అరిచింది. మొదటి ఏళ్లు కలిపితే ఇంకా పెద్దదని చెప్పాను. అప్పట్నుంచీ దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మొక్క అన్నాక ఎండ కావాలి. కానీ నీళ్లలో ఉన్నప్పుడు పడే ఎండ వేరు, రాయి మీద వట్టిగా పడుకున్నప్పుడు పడే ఎండ వేరు. ఒళ్లు ఆరిపోతుంటే కిరణజన్య సంయోగక్రియ సరిగా సాగదు, వెలుతురు మాత్రం పడుతూనే ఉంటుంది. వాడుకోలేని ఆ శక్తి ఆక్సిజన్‌ని రెచ్చగొడుతుంది. అలా పుట్టిన చురుకు ఆక్సిజన్ రూపాలు కణం పొరల్నీ ప్రొటీన్లనీ డిఎన్ఏనీ కరిచేస్తాయి. మన దగ్గర ఎండలో పెట్టిన నూనె కంపు కొట్టడం లాంటిదే, కాకపోతే బతికున్న ఒంట్లో జరుగుతుంది. నీడకి పారిపోవడానికి నాచుకి కాళ్లు లేవు. పట్టుకున్న రాయిని వదిలితే బతుకే లేదు. కాబట్టి ఉన్నచోటే ఉండి తన రక్షణ తానే తయారు చేసుకుంటుంది. వాటినే మనం లేబుల్ మీద యాంటీఆక్సిడెంట్లంటాం. మనకోసం చేసుకున్నవి కావు.

వాటిలో గోధుమరంగు నాచుకే ప్రత్యేకమైనవి ఫ్లోరోటానిన్లు. టానిన్ అంటే మనకి కొత్తేమీ కాదు. నేరేడుపండు తిన్నాక నాలుక బిగుసుకోవడం, పచ్చి అరటికాయ తరిగితే చేతికి పట్టే బంక, వక్క, కరక్కాయ, అంతా టానిన్ల పనే. కలంకారీ బట్టని రంగులకి ముందు కరక్కాయ నీళ్లలో ముంచేది అందుకే. ఇంగ్లీషువాళ్లు ఆ రుచికి మాట వెతుక్కుంటారు కానీ మనకి వగరు అని షడ్రుచుల్లోనే ఉంది. నేలమీది మొక్కల టానిన్లు రకరకాల ఇటుకలతో కట్టినవి. గోధుమరంగు నాచు మాత్రం ఫ్లోరోగ్లూసినాల్ అనే ఒకే ఇటుకని ఒకదానికొకటి అతికించుకుంటూ పోతుంది. రెండు మూడు అతికినవీ ఉంటాయి, వందలు అతికిన బండలూ ఉంటాయి. ఫ్యూకస్, ఎగ్ ర్యాక్ జాతుల్లో ఎండు బరువులో కొన్ని శాతం ఇవే. అలలకి తెగి కొట్టుకొచ్చిన బ్లాడర్ ర్యాక్ చివర ఒకటి కడిగి, అత్తయ్యకి తెచ్చి చూపించాను. నేను వద్దనేలోపే గోరంత ముక్క కొరికి, ఉమ్మేసి, "ఉప్పులో నానేసిన కరక్కాయ" అన్నారు. ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు.

ఎండ పెరిగితే, ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలు పెరిగితే ఈ ఫ్లోరోటానిన్లు పెరుగుతాయని చాలా ప్రయోగాల్లో తేలింది. అవి ఆ కిరణాల్ని తామే పీల్చుకుని లోపలి కణాలకి గొడుగు పడతాయి. అయితే పైమెట్టున ఎక్కువ ఎండ తినే చానెల్డ్ ర్యాక్‌లోనే ఎక్కువ ఉండాలి కదా? నేనూ అలాగే అనుకున్నాను. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరాన కొలిచినప్పుడు మధ్య మెట్టువాళ్లలో, అంటే ఎగ్ ర్యాక్, బ్లాడర్ ర్యాక్‌లలో ఎక్కువ కనిపించింది. ఎండొక్కటే లెక్క కాదన్నమాట.

ఇంకో లెక్క నత్త. ఎగ్ ర్యాక్ బుడగల మధ్య పసుపు, ఆకుపచ్చ గుండ్రటి నత్తలుంటాయి, అచ్చం బుడగల్లాగే ఉంటాయి. మా వారు ఒకదాన్ని నొక్కి చూడబోయి ఉలిక్కిపడ్డారు. 2000 సంవత్సరంలో స్వీడన్ పడమటి తీరంలో పనిచేసే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ నత్తల్ని ఎగ్ ర్యాక్ మీద వదిలి చూశారు. నత్త మేసిన మొక్కలో వగరు పెరిగింది. అదే మనిషి నత్త కొరికినట్టు గాటు పెడితే పెరగలేదు. మొక్క గాయాన్ని కాదు, గాయం చేసినవాణ్ని గుర్తుపడుతోంది. దాన్ని మించిన సంగతి: నత్త మేస్తున్న మొక్క మీదుగా వచ్చిన నీళ్లు తగిలితే చాలు, పక్కన నత్త ముట్టని మొక్క కూడా వగరు పెంచుకుంది. మన ఇరుగుపొరుగుల్లో కబురు ఇంతకంటే వేగంగా పాకుతుందేమో కానీ ఇంత పనికొచ్చేలా పాకదు.

ఎరువు సంగతి తిరగేసి ఉంటుంది. నీళ్లలో నత్రజని ఎక్కువుంటే మొక్క పెరగడం మీద పడుతుంది, వగరు తగ్గుతుంది. నత్రజని కరువైనచోట కర్బనం మిగిలిపోయి టానిన్లలోకి వెళ్తుంది. అంటే పొలాల ఎరువులు కొట్టుకొచ్చే ఏటి ముఖద్వారం దగ్గరి బ్లాడర్ ర్యాక్, బయటి సముద్రంలోని బ్లాడర్ ర్యాక్, పేరొకటే అయినా సరుకొకటి కాదు. ఉప్పు తగ్గినా అంతే. సగం మంచినీళ్లలాంటి బాల్టిక్ సముద్రంలో ఇదే మొక్క పొట్టిగా, ఎప్పుడూ ఇబ్బందిలో ఉన్నట్టు పెరుగుతుంది.

ఆ రాత్రి ఫ్లాట్‌లో కెటిల్ మరిగించి, ఒడ్డున తెగిపడి దొరికిన సెరేటెడ్ ర్యాక్ ముక్కని తెల్ల గిన్నెలో పెట్టి, పాప చేతే నీళ్లు పోయించాను. క్షణంలో గోధుమరంగు ముక్క కరివేపాకంత ఆకుపచ్చగా మారిపోయింది. పాప కేక విని మా వారు పరిగెత్తుకొచ్చారు. మీరు ఎప్పుడైనా సముద్రం పక్కకెళ్తే ఇది చేసి చూడండి, పిల్లలకి ఇంతకంటే చవకైన సైన్సు లేదు. ఆ మొక్కలో ఆకుపచ్చ ఎప్పుడూ ఉంది. దాన్ని ఫ్యూకోక్సాంథిన్ అనే నారింజరంగు పదార్థం కప్పేస్తుంది. ఆ పదార్థం ప్రొటీన్‌తో కలిసి ఉన్నంతసేపూ ఆకుపచ్చ వెలుతురుని కూడా పీల్చేస్తుంది కాబట్టి మొక్క గోధుమరంగులో కనిపిస్తుంది. వేడికి ఆ ముడి విడిపోయింది, పత్రహరితం బయటపడింది. గోంగూరకి సరిగ్గా ఎదురు. పొయ్యి మీద గోంగూర తన పులుపుకి తన పత్రహరితంలోని మెగ్నీషియం పోగొట్టుకుని ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకి వస్తుంది. ఇది గోధుమరంగు నుంచి ఆకుపచ్చకి పోయింది.

ఫ్యూకోక్సాంథిన్ కూడా యాంటీఆక్సిడెంటే. క్యాప్సూళ్ల మీద దాని పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. కానీ దాని అసలు ఉద్యోగం వెలుతురు పట్టడం. లోతు నీళ్లలో, మబ్బుల రోజుల్లో, నీడలో పెరిగే నాచు దాన్ని ఎక్కువ తయారు చేసుకుంటుంది. ఎండ బాగా ఉన్నచోట తక్కువ చాలు. చూశారా, ఫ్లోరోటానిన్‌కి ఎండ కావాలి, ఫ్యూకోక్సాంథిన్‌కి నీడ కావాలి. ఒకే రాయి మీద, ఒకే జాతి మొక్కలో, ఒకటి పెరగడానికి కారణమైనదే రెండోది తగ్గడానికి కారణం. అలాంటప్పుడు "యాంటీఆక్సిడెంట్లు అధికం" అన్న మాటకి అర్థం ఏమిటి? ఏ యాంటీఆక్సిడెంట్? ఏ నెలలో కోసింది? ఏ మెట్టున?

ఈ ప్రశ్నలు నాకు ఊరికే రాలేదు. లెస్టర్‌లో ఉండే మా ఆడపడుచుకి మూడో నెల. పెళ్లికి ముందు నుంచే థైరాయిడ్ తక్కువ, రోజూ మాత్ర వేసుకుంటుంది. ఎవరో స్నేహితురాలు కెల్ప్ క్యాప్సూళ్ల డబ్బా ఇచ్చి, థైరాయిడ్‌కీ మంచిది, యాంటీఆక్సిడెంట్లు కాబట్టి బిడ్డకీ మంచిది అని చెప్పిందట. "వదినా, నువ్వు సైన్సు చదివావుగా, వేసుకోనా?" అని నెల క్రితం నుంచీ అడుగుతోంది. సీసా వెనక ఫొటో తీసి పంపమన్నాను. స్వచ్ఛమైన అట్లాంటిక్ జలాలు, సహజంగా సేకరించినది, అంతే. జాతి పేరు లేదు, నెల లేదు. ఒక్కో క్యాప్సూల్‌లో అయొడిన్ ఎంతో కూడా లేదు. నేను అప్పుడే వద్దన్నాను, కానీ దానికి కారణం కావాలి, అది మా వాళ్లింటి గుణం. ఆ కారణం ఒడ్డు అట్టడుగు మెట్టు మీద ఉంది.

కెల్ప్‌లో ఫ్లోరోటానిన్లు చాలా తక్కువ. మరి పౌర్ణమి ఆటుకి గాలిలో పడ్డప్పుడు దాన్ని ఏది కాపాడుతుంది? దానికి జవాబు 2008లో దొరికింది. ఇక్కడికి ఉత్తరంగా ఓబన్ పక్కన డన్‌స్టాఫ్‌నేజ్‌లో సముద్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ పనిచేసిన ఫ్రిట్‌యోఫ్ క్యూపర్, ఆయన సహచరులు చూపించిందేమిటంటే, ఈ కెల్ప్ అయొడిన్‌ని అయొడైడ్ రూపంలో పోగుచేసుకుంటుంది, అదే దానికి యాంటీఆక్సిడెంట్. టానిన్ లాంటి పెద్ద అణువు కాదు, విటమిన్ కాదు, ఉప్పులాంటి సాదా అయాన్. ఆటు వేళ ఒళ్లు ఆరుతుంటే దాన్ని తన పైపొర మీదికి వదులుతుంది. అది గాలిలోని ఓజోన్‌తో తలపడి, అయొడిన్ ఆవిరిగా లేచి, సన్నటి కణాలుగా మారుతుంది. తీరం మీద మబ్బు కట్టడానికి ఆ కణాలు సాయపడొచ్చట. సాయంత్రం ఆటు వేళ మిల్‌పోర్ట్ ఒడ్డున వచ్చే వాసనని అప్పట్నుంచీ నేను కంపు అనడం మానేశాను.

అయొడిన్ అనే మూలకం మనిషికి తెలిసిందే నాచు వల్ల. 1811లో పారిస్‌లో బెర్నార్డ్ కూర్త్వా నాచు బూడిదలో ఆమ్లం ఎక్కువ పోస్తే ఊదారంగు ఆవిరి లేచింది. తర్వాత ఆ శతాబ్దమంతా స్కాట్లాండ్ దీవుల్లో కాల్చిన నాచు బూడిద గ్లాస్గో చేరేది, అక్కడ అయొడిన్ తీసేవారు. మనం రోజూ దాటే ఊళ్లోనే.

ఇక లెక్క. పెద్దవాళ్లకి రోజుకి అయొడిన్ 140 మైక్రోగ్రాములు చాలని ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. గర్భిణులకి 250 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఈ కెల్ప్ ఎండు బరువులో ఒక శాతం దాకా అయొడిన్ ఉండొచ్చు. అంటే ఒక్క గ్రాములో కొన్ని వేల మైక్రోగ్రాములు. లేతదాంట్లో ఎక్కువ, ముదురుదాంట్లో తక్కువ, చలికాలంలో ఎక్కువ, వేసవిలో తక్కువ. ఒక డబ్బాలో ఉన్నంత ఇంకో డబ్బాలో ఉండదు. అయొడిన్ తక్కువైతే థైరాయిడ్‌కి చేటు అన్నది అందరికీ తెలుసు, ఎక్కువైనా చేటే అన్నది తెలీదు. మితిమీరితే గ్రంథి పని మందగించొచ్చు, కొందరిలో అదుపు తప్పి పరిగెత్తొచ్చు, కడుపులో బిడ్డ గ్రంథి మీదా పడొచ్చు. అందుకే బ్రిటిష్ డైటీషియన్ల సంఘం కెల్ప్ మాత్రల్ని అయొడిన్ కోసం వాడొద్దంటుంది, గర్భిణులకి మరీ. మా ఆడపడుచుకి ఆ రాత్రే ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే అది తన ఎండకి వేసుకున్న మందు, నా థైరాయిడ్‌కి కాదన్నమాట" అంది. మర్నాడు మిడ్‌వైఫ్‌ని అడిగింది. ఆవిడా ఆపమంది, బ్లడ్ టెస్ట్ రాసింది. రిపోర్టు బాగానే వచ్చింది, ఎందుకంటే డబ్బా మూత ఇంకా తెరవలేదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, ముఖ్యంగా బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి. ఇండియాలో మన ఇంటి ఉప్పు ప్యాకెట్‌లో అయొడిన్ కలిపి ఉంటుంది, కాబట్టి మనం దాని గురించి ఆలోచించలేదు. ఇక్కడ సూపర్ మార్కెట్‌లో దొరికే మామూలు ఉప్పులో సాధారణంగా ఉండదు. పాలు, పెరుగు, చేపలు, గుడ్లే ఆధారం. పెరుగన్నం తినే ఇళ్లకి భయం లేదు. పాలు మానేసి బాదంపాలు, ఓట్ పాలకి మారిన వాళ్లు మాత్రం ప్యాకెట్ వెనక అయొడిన్ కలిపారో లేదో చూసుకోండి. డాక్టర్‌ని అడిగి తగిన మాత్ర వేసుకోవడం వేరు, నాచు పొడి మింగడం వేరు. జపాన్ వంటల్లో కనిపించే నల్లటి హిజికి నాచు కూడా గోధుమ జాతిదే. అందులో ఆర్సెనిక్ ఎక్కువని, తినొద్దని ఇక్కడి ఆహార ప్రమాణాల సంస్థ ఎప్పుడో చెప్పింది. సూషీకి చుట్టే నోరి ఎర్ర జాతి, ఆ గొడవలో లేదు.

మరి వగరు, ఆ ఫ్లోరోటానిన్లు? వాటివల్ల మనకి మేలు లేదని నేననను. పరీక్షనాళికలో అవి గట్టివే. డిపిపిహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో ఎగ్ ర్యాక్ సారం వేస్తే రంగు విరిగి పసుపవుతుంది, ఎంత త్వరగా విరిగితే అంత శక్తి అని లెక్క. కానీ మన పేగు పరీక్షనాళిక కాదు. ఆ పెద్ద అణువులు చాలావరకు రక్తంలోకి వెళ్లవు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని ముక్కలు చేస్తే, ఆ ముక్కలు కొంత వెళ్తాయి. ఏ ముక్క, ఎంత, ఎవరిలో అన్నది మనిషి మనిషికీ మారుతుంది. మొక్కలో మెట్టుని బట్టి మారినట్టే.

రెండో రోజు పొద్దున్న ఊరి నుంచి కెప్పెల్ వైపు నడిచాం. అక్కడ 1897లో కట్టిన మెరైన్ స్టేషన్ ఎర్రరాతి భవనం ఉంది. దానికి ముందు డేవిడ్ రాబర్ట్‌సన్ అనే దీవివాసి 'ఆర్క్' అనే పడవనే ప్రయోగశాలగా నడిపాడు. నాకు ఆయన కంటే షీనా మార్షల్ మీద మనసు. ఎదుటి దీవిలో, రోత్సేలో 1896లో పుట్టి, 1922లో ఈ స్టేషన్‌లో చేరి, జీవితమంతా ఇక్కడే సముద్రంలోని సూక్ష్మజీవుల మీద పనిచేసింది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నుంచి అగర్ రావడం ఆగిపోతే, ఆస్పత్రుల్లో బ్యాక్టీరియా పెంచడానికి అగర్ లేక, బ్రిటిష్ నాచుల నుంచి దాన్ని తీసే దారి వెతికినవాళ్లలో ఆవిడొకరు. అగర్ అంటే మన ఇళ్లలో చైనా గ్రాస్. "అంటే మీ అమ్మ పుడ్డింగ్ మీద కూడా పరిశోధన చేయొచ్చన్నమాట" అని మా వారు పాపతో అన్నారు. చేయొచ్చు. డిపెండెంట్ వీసా మీద వచ్చి పదేళ్లుగా లంచ్ బాక్సులు సర్దుతున్న నాలాంటి బోటనీ వాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో ఎంతమందున్నారో నాకు తెలుసు. ల్యాబ్ లేకపోయినా ఒడ్డు ఉంది, టైడ్ టేబుల్ ఉచితం.

మీరు వెళ్తే రెండు మాటలు. పౌర్ణమికో అమావాస్యకో ఒకటి రెండు రోజుల తర్వాత వెళ్లండి, ఆటు సమయానికి గంట ముందే కిందికి దిగండి, నీళ్లు తిరిగిన తర్వాత రాళ్ల మీద ఉండకండి. నాచు మీద కాకుండా వట్టి రాయి మీద అడుగేయండి. రాయికి అంటుకున్నదాన్ని పీకొద్దు, తెగిపడినవి కావలసినన్ని దొరుకుతాయి. ఎత్తి చూసిన రాయిని మళ్లీ అలాగే పెట్టండి, దాని కింద ఎండ్రకాయలు కాపురముంటాయి.

మేం తిరిగొచ్చే పూట వాన. నీళ్లు వెనక్కి తగ్గే ఉన్నాయి, మెట్లన్నీ బయటే ఉన్నాయి. ఉప్పునీటి మొక్కల మీద మంచినీళ్లు ధారగా పడుతున్నాయి. అదీ వాటికి ఎండలాంటి కష్టమే. కణాల్లోకి నీరు దూరుతుంది, కొంత వగరు బయటికి కారిపోతుంది. బస్సు కిటికీలోంచి చూస్తే బ్లాడర్ ర్యాక్ అంతా మెరుస్తోంది. "పాపం, గొడుగన్నా లేదు" అన్నారు అత్తయ్య. ఫెర్రీ దొరకాలంటే డ్రైవర్ కాస్త తొందరగా తోలాలని మా వారు గడియారం చూసుకుంటున్నారు.